జాగ్రత్త: పాత ఫ్లాష్ వెలిగినంత మాత్రాన మీ డిజిటల్ కెమెరాకు పనికొచ్చినట్టు కాదు

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె చుట్టుపక్కల పెళ్ళిళ్ళ సీజన్ కోసం సెకండ్ హ్యాండ్ ఫ్లాష్ వెతుకుతున్న ఫొటోగ్రాఫర్ మిత్రులందరికీ ఒక మాట. ఫిల్మ్ కెమెరాల కాలం నాటి ఫ్లాష్ చేతికిచ్చి "మీ కెమెరా మీదే పెట్టి చూసుకోండి" అని షాపువాళ్ళు అంటే దయచేసి పెట్టకండి. ముందు మల్టీమీటర్‌తో ఫ్లాష్ అడుగున ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూడండి. ఆ తర్వాతే అది కెమెరాను తాకాలి. "ఏమీ కాదు" అని భరోసా ఇచ్చి అమ్మిన ఒక ఫ్లాష్ వల్ల మా బావమరిది కెమెరా పాడైంది. ఇంకొకరికి అలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మావాడు చిన్న చిన్న ఫంక్షన్లు తీస్తాడు. సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. కెమెరా కంతుల మీద కొన్నది. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయని రెండో ఫ్లాష్ కోసం తిరుపతిలో ఒక సెకండ్ హ్యాండ్ షాపుకు వెళ్ళాడు. కొత్తది కొనాలంటే వేలల్లో ఉంది. అక్కడ అద్దాల అరలో పాత జపాన్ ఫ్లాష్ ఒకటి, బరువుగా, గట్టిగా కనిపించింది. 1200 రూపాయలు చెప్పారు. అడగాల్సిన ప్రశ్న అడిగాడు: "ఇది డిజిటల్ కెమెరాకు పెట్టొచ్చా అన్నా?" దానికి వచ్చిన జవాబు (షూ అంటే కెమెరా నెత్తిన ఫ్లాష్ జారించి పెట్టే గాడి, హాట్ షూ అనేదీ అదే): "ఏం గాదులే నైనా, అన్నిటికీ ఒకటే షూ గదా. కెమెరా తెచ్చినావు గదా, దాని మీదే పెట్టి చూసుకో." పెట్టాడు. ఫ్లాష్ వెలిగింది. డబ్బులిచ్చి తెచ్చుకున్నాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తిరుచానూరులో ఒక రిసెప్షన్ జరుగుతుండగా, బంధువులు వరసగా స్టేజి ఎక్కి ఫొటోలు దిగుతున్న సమయంలో ఫ్లాష్ రావడం ఆగిపోయింది. సెల్లులు మార్చినా రాలేదు. పక్కనున్న వీడియో ఆయన దగ్గర కొత్త ఫ్లాష్ తీసుకుని పెట్టాడు. అదీ రాలేదు. పాత ఫ్లాష్ చేతిలో పట్టుకుని టెస్ట్ బటన్ నొక్కితే మాత్రం ధగ్గున వెలుగుతోంది. అంటే పోయింది ఫ్లాష్ కాదు, కెమెరా. మిగతా ఫంక్షనంతా ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటో పడేలా కెమెరాలో పెంచుకునే అంకె) పెంచుకుని హాలు లైట్లలోనే తీశాడు. పెళ్ళివాళ్ళకు ఏం సమాధానం చెప్పాలోనని ఆ పిల్లవాడు పడిన టెన్షన్ నేను దగ్గరుండి చూశాను.

కెమెరాను చెన్నైలో సర్వీస్ సెంటర్‌కు ఇస్తే, హాట్ షూ వెనకున్న సర్క్యూట్ కాలిపోయిందని, బోర్డు మార్చాలని చెప్పారు. వాళ్ళు చెప్పిన ఖర్చు ఆ కెమెరాను ఇప్పుడు అమ్మితే వచ్చే డబ్బులో సగానికి దగ్గరగా ఉంది. ఆ ఫ్లాష్ తెప్పించుకుని నేను మీటర్ పెట్టి చూశాను. 230 వోల్టులు దాటి చూపించింది. ఇంట్లో గోడ ప్లగ్గులో వచ్చే అంకె అది. దాన్ని ఒక డిజిటల్ కెమెరా నెత్తిన పెట్టి "చూసుకో" అన్నారు.

షాపులో అడిగితే, "ఫ్లాష్ వెలుగుతోంది గదా, మా సరుకులో లోపం లేదు, మీ కెమెరా సంగతి మాకు తెలీదు" అన్నారు. అసలు ఇబ్బందంతా ఈ మాటలోనే ఉంది. వాళ్ళు చెప్పింది నిజమే, ఫ్లాష్ వెలుగుతోంది. కానీ ఫ్లాష్ వెలగడానికీ, కెమెరా క్షేమంగా ఉండడానికీ సంబంధం లేదు. ఎందుకో చెప్తాను.

ఫ్లాష్ లోపల గ్జెనాన్ వాయువు నింపిన గాజు గొట్టం ఉంటుంది. దానికి శక్తినిచ్చే పెద్ద కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల దాకా ఛార్జ్ నిలిచి ఉంటుంది. అయితే ఆ వాయువులోంచి కరెంటు పారాలంటే ముందు ఒక చిన్న కాయిల్ నుంచి కొన్ని వేల వోల్టుల దెబ్బ తగలాలి. ఆ దెబ్బ ఏ క్షణాన తగలాలో చెప్పేది కెమెరా. కెమెరా చేసే పని గోడ మీది స్విచ్చులాగా రెండు కొసలను కలపడం, అంతే. చాలా పాత ఫ్లాష్‌లలో ఆ కాయిల్‌ను నడిపే వోల్టేజ్ నేరుగా ఫ్లాష్ అడుగున మధ్య పిన్ను దాకా వచ్చి కూర్చుంటుంది. దీన్నే ట్రిగ్గర్ వోల్టేజ్ అంటారు.

పాతకాలపు మెకానికల్ ఫిల్మ్ కెమెరాలకు దీనితో ఇబ్బంది లేదు. షట్టర్ తెరుచుకోగానే లోపల రెండు లోహపు రేకులు ఒకదానికొకటి తాకేవి. 200 వోల్టులు వచ్చినా 300 వచ్చినా అవి తట్టుకునేవి. డిజిటల్ కెమెరాలో ఆ రేకుల స్థానంలో ఒక చిన్న సెమీకండక్టర్ స్విచ్ ఉంటుంది. అది ఎన్ని వోల్టులకు తయారైందో అంతవరకే ఓర్చుకుంటుంది. మించితే ఒక్కోసారి మొదటి ఫొటోకే పోతుంది. ఒక్కోసారి మావాడికి జరిగినట్టు కొన్నాళ్ళు దెబ్బలు తిని, సరిగ్గా పని మధ్యలో పోతుంది. మధ్య పిన్ను ఒక్కటే కాదు, హాట్ షూలో దాని చుట్టూ ఉన్న చిన్న పిన్నులు కెమెరా, ఫ్లాష్ మాట్లాడుకోవడానికి పెట్టినవి. అవి చాలా తక్కువ వోల్టేజ్ మీద నడుస్తాయి. పాత ఫ్లాష్ సరిగ్గా కూర్చోక పక్కకు జరిగి ఆ పిన్నులకు తగిలితే ఇంకా పెద్ద నష్టం జరగొచ్చు. అందుకే కెమెరా మీద పెట్టి చూడడం పరీక్షే కాదంటున్నాను. ఆ "పరీక్ష"లోనే కెమెరాకు దెబ్బ తగులుతుంది.

ఎన్ని వోల్టుల దాకా ఫరవాలేదు? కెమెరాలన్నీ ఒకటి కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ఓ 10330 అనే ప్రమాణం (కెమెరాలో పెట్టే ఐఎస్ఓ అంకె కాదిది) 24 వోల్టుల హద్దు చెప్తుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్ మాన్యువల్స్‌లో 250 వోల్టులు మించినా, నెగటివ్ వోల్టేజ్ వచ్చినా కెమెరాలో ఫ్లాష్‌ను వెలిగించే సింక్ సర్క్యూట్ పాడవచ్చని హెచ్చరిక ఉంటుంది. కేనన్ మాన్యువల్స్‌లో హాట్ షూ మీద హై వోల్టేజ్ ఫ్లాష్ పెట్టొద్దని రాసి ఉంటుంది. సింక్ వైరు గుచ్చే పీసీ టెర్మినల్ ఉన్న పెద్ద బాడీల్లో ఆ టెర్మినల్‌కు 250 వోల్టుల హద్దు వేరుగా ఇస్తారు. ఆ అంకె చదివి హాట్ షూకు కూడా అంతే అనుకోవద్దు. నా మట్టుకు నేను ఏ కంపెనీ కెమెరా అయినా 10 వోల్టుల లోపు ఉంటేనే పైన పెడతాను. 24 దాకా అయితే మాన్యువల్ తీసి చదువుతాను. ఆపైన ఉంటే కెమెరా దగ్గరికి రానివ్వను.

ఇప్పుడు మీటర్ పెట్టడం. మీ దగ్గర లేకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను గానీ మొబైల్ రిపేర్ అబ్బాయిని గానీ అడగండి, ఇస్తారు. ఫ్లాష్‌లో కొత్త సెల్లులు వేయండి. పాత సెల్లులతో పూర్తిగా ఛార్జ్ కాక అంకె తక్కువగా కనిపించవచ్చు. ఆన్ చేసి, రెడీ లైటు వెలిగాక కూడా ఇంకొంచెం సేపు ఆగండి. మీటర్‌ను డీసీ వోల్టుల్లో 600 లేదా 1000 రేంజ్‌లో పెట్టండి. ఎర్ర వైరు కొసను ఫ్లాష్ అడుగున మధ్య పిన్నుకు, నల్ల వైరు కొసను షూలోకి జారే అంచున ఉన్న లోహపు రేకుకు ఆనించండి. అడుగుభాగం ప్లాస్టిక్‌దైతే పక్క గాడిలో చిన్న లోహపు ముక్క ఒకటి ఉంటుంది, చూడండి. మీ వేళ్ళు ఆ రెండు చోట్లా తగలకూడదు. ముల్లు కదిలే పాత మీటర్ వద్దు. అది ఎక్కువ కరెంటు లాగేసి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. డిజిటల్ మీటరే వాడండి. ఎర్ర వైరు మధ్య పిన్ను మీదుండగా అంకె ముందు మైనస్ గుర్తు వస్తే పోలారిటీ, అంటే ప్లస్ మైనస్‌లు, తిరగబడిందని అర్థం. అంకె ఎంత చిన్నదైనా అలాంటిది వద్దు.

మీటర్ పెడతానంటే ఒప్పుకోని చోట కొనకండి. ఆన్‌లైన్ ప్రకటన చూసి కొంటున్నట్టయితే, మీటర్ పెట్టి అంకె కనిపించేలా వీడియో పంపమని అడగండి. ఫ్లాష్ వెలుగుతున్న వీడియో ఎన్ని పంపినా ఉపయోగం లేదు.

"ఫలానా మోడల్ సేఫ్ అని ఇంటర్నెట్‌లో ఉంది" అనే మాట కూడా నమ్మి కొనవద్దు. వివిటార్ 283 తీసుకోండి. చాలా ఏళ్ళపాటు తయారైన ఫ్లాష్ అది. జపాన్‌లో తయారైన తొలి వాటిలో 200 వోల్టులు దాటేవి ఉన్నాయి, తర్వాత వచ్చిన వాటిలో 10 వోల్టుల చుట్టూ ఉండేవీ ఉన్నాయి. బయట పేరు అదే, ఆకారం అదే. పాత మెట్జ్ 45 సిటీ-1 విషయమూ ఇంతే, ఎప్పుడు తయారైందన్న దాన్ని బట్టి వోల్టేజ్ మారుతుంది. కాబట్టి మోడల్ పేరు కాదు, మీ చేతిలో ఉన్న పీసు ఏం చూపిస్తుందన్నదే లెక్క.

వోల్టేజ్ బాగున్నా ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. టీటీఎల్ అంటే లెన్సులోంచి వచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్ ఎంత వెలగాలో కెమెరాయే చెప్పే పద్ధతి. ఫిల్మ్ కాలపు టీటీఎల్ ఫ్లాష్ డిజిటల్ కెమెరా మీద టీటీఎల్‌లో పనిచేయదు. అప్పటి పద్ధతి ఫిల్మ్ మీద పడి వెనక్కి వచ్చే వెలుగును కొలిచేది, ఇప్పటి కెమెరాలు అలా కొలవవు. "టీటీఎల్ ఉంది" అని రెండు వందలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి. ఇంకొకటి, మన దగ్గర చాలామంది కొన్న కేనన్ 200డి మార్క్ 2 హాట్ షూలో మధ్య పిన్నే లేదు. 2019లో వచ్చిన ఆ మోడల్ మీద మధ్య పిన్ను ఒక్కటే ఉన్న ఫ్లాష్ ఏదైనా సరే, పాతదైనా కొత్తదైనా, అసలు వెలగదు. కొనే ముందు మీ షూ ఒకసారి తేరిపార చూసుకోండి.

నేను పాత ఫ్లాష్‌లకు వ్యతిరేకిని కాను. వాటి ముందు భాగంలో ఉండే చిన్న కన్ను వెలుగును కొలిచి ఆపే ఆటో మోడ్, ఫ్లాష్ డయల్ మీద ఉన్న ఐఎస్ఓ, అపర్చర్ కెమెరాలోనూ పెట్టుకుంటే, ఇప్పటికీ చక్కగా పనిచేస్తుంది. కాబట్టి ఇప్పటికే కొనేసిన వాళ్ళు పారేయనక్కర్లేదు. కెమెరా మీద కాకుండా స్టాండు మీద పెట్టి, ఆప్టికల్ స్లేవ్ (ఇంకో ఫ్లాష్ వెలుగు పడగానే దీన్ని వెలిగించే చిన్న పరికరం) తగిలించి, కెమెరాలోని చిన్న ఫ్లాష్ వెలుగుతో దాన్ని వెలిగించండి. కెమెరా ఫ్లాష్‌ను మాత్రం మాన్యువల్‌లో ఉంచాలి. టీటీఎల్‌లో ఉంటే అసలు ఫ్లాష్‌కు ముందు వచ్చే చిన్న మెరుపుకే స్లేవ్ స్పందించి, పెద్ద ఫ్లాష్ ముందే వెలిగిపోతుంది. వైరు లేకుండా ఫ్లాష్‌ను వెలిగించే రేడియో ట్రిగ్గర్ అయితే దాని రిసీవర్‌కు కూడా వోల్టేజ్ హద్దు ఉంటుంది, పెట్టె మీదో కాగితంలోనో చూసి వాడండి. కెమెరా మీదే పెట్టి తీరాలంటే వైన్ సేఫ్ సింక్ లాంటి అడాప్టర్ మధ్యలో ఉండాలి. అది పైనున్న పెద్ద వోల్టేజ్‌ను కెమెరాకు తగలనివ్వదు.

ఒక్కటి మాత్రం ఎవరూ చేయవద్దు. వోల్టేజ్ తగ్గిస్తామని ఫ్లాష్ విప్పకండి, పని రానివాళ్ళతో విప్పించకండి. స్విచ్ ఆపి సెల్లులు తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జ్ చాలాసేపు ఉంటుంది. ఆ షాక్ ప్రాణం తీయగలదు.

ఇక బిల్లు. సెకండ్ హ్యాండ్ అయినా సరే, షాపులో కొంటే బిల్లు అడగండి, దాని మీద "డిజిటల్ కెమెరాకు పనికొస్తుంది" అని ఒక్క మాట రాయించండి. నిజంగా నమ్మకం ఉన్నవాళ్ళు రాస్తారు. మావాడి దగ్గర మోడల్ పేరుతో బిల్లు ఉంది, "ఏం కాదు పెట్టుకో" అని షాపు నంబర్ నుంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్ ఉంది, సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం ఉంది. ఈ మూడూ పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్ళ లోపు వెళ్ళాలి, 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. ఫొటోలు తీసి సంపాదిస్తున్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కాదని ఎవరైనా భయపెడితే వినకండి. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న వస్తువుకు ఆ చట్టం వర్తిస్తుంది. ఇలాంటి నష్టం మీలో ఇంకెవరికైనా జరిగి ఉంటే, ఫ్లాష్ మోడల్, మీటర్ చూపించిన అంకె, కెమెరా మోడల్ ఇక్కడ రాయండి. షాపు పేరు రాయకపోయినా ఫరవాలేదు. ఆ మూడు వివరాలు చూసి ఈ సీజన్‌లో కొనబోయే వాళ్ళు కొందరైనా ముందు మీటర్ తీస్తారు.