నల్గొండ నుంచి ఆపరేషన్ బల్ల దాకా

మోకాళ్లు నొస్తున్నాయంటే మా దిక్కు ఎవరికైనా ముందు ఫ్లోరైడ్ నీళ్లే గుర్తొస్తాయి. మర్రిగూడ వైపు నడుం వంగిపోయినవాళ్లను చిన్నప్పటినుంచీ చూసినదాన్ని, నాదీ ఆ బాధే అనుకున్నాను. ఎక్స్‌రే చూసిన ఎముకల డాక్టరు మాత్రం ‘నీళ్లు కాదమ్మా, బరువు’ అన్నారు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 112 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 46. ఆరేళ్లుగా షుగరు. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర మాది టైలరింగ్ షాపు. పొద్దంతా మిషన్ మీద కూర్చునే పనే.

బరువు తగ్గించే ఆపరేషన్ కోసం హైదరాబాద్‌లో ఆసుపత్రులు చూడటం మొదలుపెట్టాం. అది మాకు నూరు కిలోమీటర్ల దూరం. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి చిట్యాల, చౌటుప్పల్ దాటితే ఎల్బీ నగర్. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి తిరగడానికి పెద్దగా ఖర్చు కాలేదు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కితే పంజాగుట్ట, అమీర్‌పేట దాకా మారే పనే లేదు. ఆ బస్సులో నేను కూర్చుంటే ముగ్గురి సీటులో ఇద్దరమే పట్టేవాళ్లం. మూడో మనిషి నా వైపొకసారి చూసి నిలబడిపోతే ప్రాణం చివుక్కుమనేది.

మొదటి ఆసుపత్రి పెళ్లి మండపంలా మెరిసిపోతోంది. కానీ కుర్చీలన్నిటికీ రెండు వైపులా చేతులున్నాయి. అందులో ఇరుక్కుని కూర్చోలేక గంటసేపు గోడకానుకుని నిలబడ్డాను. ప్యాకేజీలు చెప్పే అమ్మాయి పావుగంటలో లెక్క తేల్చేసింది: స్లీవ్ ఆపరేషన్, ఈ వారంలో చేరితే తగ్గింపు. రాత్రిళ్లు గొంతులోకి పుల్లనీళ్లు వస్తాయన్నాను. ‘అవే తగ్గుతాయి మేడం’ అంది. స్లీవ్‌లో కడుపును ముప్పావు వంతుకు పైగా కోసేసి అరటిపండంత గొట్టంలా మిగులుస్తారు. దాని తర్వాత పుల్లనీళ్ల బాధ కొందరికి ఇంకా పెరుగుతుంది. అది మరీ ఎక్కువున్నవాళ్లకు బైపాస్ (కడుపును చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్) మేలని చెబుతారు. ముందు ఎండోస్కోపీ చేసి చూడకుండా ఏ ఆపరేషనో చెప్పేసే చోట ఆగకండి. ఇది నా గట్టి మాట.

రెండో చోట సర్జన్ మంచి మనిషే. రాత్రిపూట డ్యూటీ డాక్టరు ఎవరుంటారంటే సరైన జవాబు రాలేదు, లేచి వచ్చేశాం.

మూడోది పాత బిల్డింగ్, పార్కింగ్ కూడా సరిగా లేదు. కానీ కుర్చీలకు చేతుల్లేవు. బీపీ చూడటానికి పెద్ద పట్టీ తెచ్చారు. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఎండోస్కోపీ, నిద్ర పరీక్ష, థైరాయిడ్ అన్నీ అయ్యాకే స్లీవ్ సరిపోతుందన్నారు. కడుపు మీదికి వచ్చే కాలేయం కొవ్వుతో ఉబ్బి ఉంటుంది కాబట్టి అది కుంచించుకుపోవడానికి రెండు వారాలు అన్నం, రొట్టె, తీపి బంద్. అక్కడి డైటీషియన్ ఓట్స్, బ్రకోలీ అని మొదలుపెట్టలేదు. ‘మీ ఇంట్లో పొద్దున ఏం వండుతరు?’ అని అడిగింది. పెసరకట్టు, పలుచని మజ్జిగ, మెత్తగా ఉడికించిన గుడ్డు, అన్నీ మా వంటింట్లోవే రాసిచ్చింది.

ఆపరేషన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు, మత్తులో అయిపోయింది. పొట్టమీద అయిదు చిన్న గాట్లు. ఆ సాయంత్రమే నడిపించారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. మర్నాడు నర్సమ్మ మందులు కొలిచే 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పోసి ‘పావుగంట చేయాలె అక్కా, గుటక కాదు, చప్పరించు’ అంది. పెదవి తడిసేంత నోట్లోకి తీసుకుని గోడమీది గడియారం చూస్తూ మళ్లీ ఒక చుక్క. ఏడో చుక్కకే రొమ్ము కింద నిండుగా, బరువుగా అనిపించింది. చెంబెడు నీళ్లు ఎత్తి తాగినదాన్ని, కప్పు సగంలోనే కింద పెట్టేశాను.

దూరం నుంచి వచ్చేవాళ్లకు ఒక మాట. డిశ్చార్జి కాగానే ఊరికి బయల్దేరకండి. కుట్టు దగ్గర లీకైతే జ్వరం, గుండెదడ, కడుపునొప్పి వస్తాయి. అప్పుడు చౌటుప్పల్ ట్రాఫిక్‌లో ఉంటే ప్రాణం మీదికొస్తుంది. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో వంటగది, లిఫ్టు, వెస్ట్రన్ టాయిలెట్ ఉన్న గది తీసుకుని వారం ఉన్నాం. రోజుకు 1,400. లాడ్జి ఇంకా చవకే, కానీ పెసరకట్టు కాచుకునే వీలుండదు. మా ఆయన పొద్దున్నే కట్టు వడగట్టి ఫ్లాస్కులో పోసేవాడు.

డబ్బుల దగ్గరే నా మనసు నొచ్చింది. చెప్పింది 3 లక్షల 20 వేలు, చివరికైంది 3 లక్షల 68 వేలు. కడుపు కోసి కుట్టే స్టేప్లర్‌లో వేసే పిన్నుల రీలోడ్లు అదనమట. ముందే రాతపూర్వకంగా అడగాల్సింది. బీఎంఐ 40 దాటినవాళ్లకు, లేదా 35 దాటి అదుపులో లేని షుగర్ లాంటి జబ్బున్నవాళ్లకు ఇన్సూరెన్స్‌లో దారి ఉంది, కానీ మీ పాలసీలో వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఎన్నాళ్లు ఆగాలో) చూసుకోండి. అనుమతి కోసం డిశ్చార్జి రోజు పొద్దున పదకొండు నుంచి రాత్రి ఏడు దాకా వరండాలోనే కూర్చున్నాం.

నాలుగో నెలలో దువ్వెన నిండా జుట్టు ఊడివచ్చింది. భయపడి ఫోన్ చేస్తే డైటీషియన్ ముందు ప్రొటీన్ లెక్క అడిగింది. 60 గ్రాములు కావాల్సింది, నేను నలభై కూడా తినడం లేదు. విటమిన్, ఐరన్, కాల్షియం బిళ్లలు ఇక జీవితాంతం. రక్తపరీక్షలు నల్గొండలోనే ఇచ్చి రిపోర్టు వాట్సాప్‌లో పంపుతాను. దుకాణానికి వచ్చేవాళ్లు ‘పానం బాగలేదా అక్కా, గిట్ల అయిపోయినవ్’ అంటుంటారు. షుగర్ బిళ్ల ఒకటికి తగ్గింది, బరువు 79.

ఎనిమిదో నెల చెకప్‌కు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నార్కట్‌పల్లిలో ఒక ముసలమ్మ ఎక్కి, నా పక్కన మూడో చోటు చూసి ‘జరుగు బిడ్డా’ అంటూ కూర్చుంది. చౌటుప్పల్ దాకా నా భుజం మీదే తల వాల్చి నిద్రపోయింది.