హమ్మింగ్‌బర్డ్ గూటి ఫొటోలకు 100-400 జూమ్: కొన్ని సీజన్లు వాడాక

కాలిఫోర్నియాలో అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ అనే చిట్టి పక్షి గూళ్ల దగ్గర నేను ఎక్కువగా వాడిన లెన్స్ ఈ 100-400, అంటే 100 నుంచి 400 మి.మీ. దాకా జూమ్ అయ్యేది. ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్నది పెద్దగా కనిపిస్తుంది, అందుకే పక్షుల ఫొటోలంటే 600 మి.మీ. లెన్స్ ఉండాల్సిందే అంటారు చాలామంది. గూటి పనికి మాత్రం నా ఓటు 100-400కే. గూడు అడ్డంగా 4 సెంటీమీటర్లు ఉంటుంది, అంతే. చుట్టూ ఆకులు, రెమ్మలు. ఏ సందులోంచి గూడు కనిపిస్తే అక్కడే నిలబడాలి, కాబట్టి ఫ్రేమ్ సరిచేసుకోవడం జూమ్‌తోనే కుదురుతుంది.

ఈ లెన్స్ మీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. ఆ సౌకర్యాన్ని ఇక్కడ వాడుకోకూడదు. నేను 4 మీటర్లకన్నా దగ్గరికి వెళ్లను. తల్లి గూటికి రాకుండా పక్క కొమ్మ మీదే కూర్చుని అదేపనిగా అరుస్తున్నా, మన మొహం ముందుకొచ్చి గాల్లో నిలబడ్డా ఆ దూరం కూడా చాలనట్టే. వెంటనే వెనక్కి జరగాలి. పొదిగేదీ మేపేదీ ఆడపక్షి ఒక్కటే. అది భయపడి రాకపోతే పిల్లలకు వేరే దిక్కు లేదు.

4 మీటర్ల దగ్గర, 400 మి.మీ. వద్ద, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/5.6 పెడితే స్పష్టంగా వచ్చే లోతు సుమారు మూడు సెంటీమీటర్లు, రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్/8 పెడితే 4 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. గూట్లో సాధారణంగా ఇద్దరు పిల్లలు ఉంటారు. ఒకటి వెనక్కి జరిగిందంటే ఎఫ్/5.6లో దాని కళ్లు మసకబారతాయి. అందుకే ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉంచి, నీడలో ఐఎస్ఓను (కాంతికి కెమెరా స్పందించే స్థాయిని) 1600, 3200 దాకా పెంచేస్తాను. ఫొటోలో గ్రెయిన్ (చుక్కలు) వచ్చినా తర్వాత తగ్గించుకోవచ్చు, ఫోకస్ తప్పిన కంటిని బాగుచేయలేం.

ఈ లెన్స్‌తో అసలు ఇబ్బంది ఆటోఫోకస్. గూటి ముందు ఒక్క ఆకు ఊగినా దాన్నే పట్టుకుంటుంది. ఎంత దూరం నుంచి ఫోకస్ వెతకాలో చెప్పే స్విచ్ అయిన ఫోకస్ లిమిటర్‌ను 3 మీటర్ల నుంచి అనంతం వైపు పెడితే వెతుకులాట తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెర మీద, దృశ్యాన్ని 10 రెట్లు పెద్దది చేసి, పిల్ల కంటి మీద చేత్తో ఫోకస్ చేసి అలా వదిలేయడమే మేలు. గాలి వీస్తే మాత్రం ఆగాల్సిందే. లెన్స్‌లోని స్టెబిలైజర్ మన చేతి వణుకును ఆపుతుందే తప్ప కొమ్మ ఊగడాన్ని ఆపలేదు.

మేత ఘట్టం కొన్ని సెకన్లలో ముగుస్తుంది. తల్లి తన ముక్కును పిల్ల గొంతులోకి లోతుగా దించి, కుట్టుమిషన్ సూదిలా పైకీ కిందికీ ఆడిస్తూ తేనె, చిన్న పురుగులు కక్కి పెడుతుంది. దానికి షట్టర్ వేగం సెకనులో 1/1000 వంతు కావాలి. ట్రైపాడ్ బిగించి, రిమోట్ పట్టుకుని పక్కకు తప్పుకోవాలి. తల్లి మళ్లీ రావడానికి ఒక్కోసారి అరగంట పడుతుంది. షట్టర్ చప్పుడు లేకుండా పెట్టడం మంచిది. ఫ్లాష్ వద్దు. అడ్డొచ్చిన ఆకుల్ని తుంచొద్దు, ఎండ నుంచి పిల్లల్ని కాసేది అవే.

గూడు 3 మీటర్ల ఎత్తులో ఉంటే దగ్గర నుంచి ముక్కుల కొనలే కనిపిస్తాయి. కంటి ఎత్తులో నిలిపిన కెమెరా 4 మీటర్ల దగ్గర సుమారు 18 డిగ్రీలు పైకి చూస్తుంది, 7 మీటర్లకు జరిగితే 10 డిగ్రీల పైచిలుకు. వెనక్కి వెళ్లాక 1.4 కన్వర్టర్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టి 1.4 రెట్లు పెద్దది చేసే అదనపు భాగం) తగిలిస్తే లెన్స్ 560 మి.మీ. అవుతుంది. కాంతి ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గుతుంది, ఆటోఫోకస్ ఇంకా నెమ్మదిస్తుంది. చేత్తో ఫోకస్ చేసేవాళ్లకు అది లెక్కలోకి రాదు.

పిల్లలు గుడ్డు నుంచి వచ్చాక సుమారు మూడు వారాలకు ఎగిరిపోతాయి. మొదటి వారం తల్లి వాటి మీదే ఎక్కువగా కూర్చుంటుంది, ఫొటోకు పెద్దగా ఏమీ దొరకదు. రెండో వారం నుంచి ముక్కులు గూటి అంచు దాటతాయి, నాకు నచ్చిన ఫొటోలన్నీ ఆ రోజులవే. చివర్లో అంచు పట్టుకుని రెక్కలు కొట్టుకోవడం మొదలుపెడితే కన్వర్టర్‌తో 7, 8 మీటర్లకు జరిగిపోవాలి. ఆ దశలో బెదిరిన పిల్ల ఎగరడం రాకముందే గూట్లోంచి దూకేస్తుంది.