రీడింగ్ స్పెషలిస్ట్ మాస్టర్స్‌కి ఫీజు కట్టబోతున్నారా? డిగ్రీ చేతికొచ్చినా సర్టిఫికెట్ రాకపోవచ్చు, జాగ్రత్త

అమెరికాలో టీచర్లుగా పనిచేస్తూ, రీడింగ్ స్పెషలిస్ట్ (చదవడంలో వెనకబడ్డ పిల్లలకు సాయపడే టీచర్) పోస్టు కోసం ఆన్‌లైన్ మాస్టర్స్‌లో చేరాలనుకుంటున్న మన తెలుగువాళ్ల కోసం ఈ హెచ్చరిక. టెక్సస్, న్యూజెర్సీల్లో ఉన్నవాళ్లు మరీ శ్రద్ధగా చదవండి.

ఒక ప్రైవేటు యూనివర్సిటీ, పేరు రాయడం లేదు, రీడింగ్ అండ్ లిటరసీలో 30 క్రెడిట్ల మాస్టర్స్ అమ్ముతోంది. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు, ప్రవేశ పరీక్ష లేదు, స్కూలుకెళ్లి చేయాల్సిన ప్రాక్టికమ్ కూడా లేదు. అసలు సంగతి బయటపడేది అంతా పూర్తిచేసి స్కూల్ డిస్ట్రిక్ట్ హెచ్ఆర్ ముందు పట్టా పెట్టినప్పుడు. పట్టా నిజమైనదే, యూనివర్సిటీకి గుర్తింపూ ఉంది. ఆ కోర్సు మాత్రం ఆ పోస్టుకు రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్‌కు దారితీసేది కాదు. బ్రోచర్ అడుగున చిన్న అక్షరాల్లో "నాన్ లైసెన్షర్ ప్రోగ్రామ్", అంటే లైసెన్సు (రాష్ట్ర సర్టిఫికెట్) రాని కోర్సు అని రాసే ఉంటుంది కాబట్టి మోసమని పోట్లాడటానికీ దారి లేదు. మాస్టర్స్ ఉన్నందుకు కొన్ని డిస్ట్రిక్టుల్లో జీతం కాస్త పెరుగుతుందేమో గానీ పోస్టు మాత్రం రాదు.

"మాది అక్రెడిటెడ్ యూనివర్సిటీ అండీ" అని అడ్మిషన్స్ వాళ్లు చెప్పే మాట అబద్ధం కాదు, కానీ మీరు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. యూనివర్సిటీ మొత్తానికి ఉండే గుర్తింపు వేరు, ఈ కోర్సుకు రాష్ట్ర విద్యాశాఖ ఇచ్చిన ఆమోదం వేరు. సర్టిఫికెట్‌కు కావాల్సింది రెండోది. "మాకు ఎన్‌సీ-సారా సభ్యత్వం ఉంది" అన్నా అదే తంతు. వేరే రాష్ట్రాల విద్యార్థులకు దూరవిద్య చెప్పడానికి యూనివర్సిటీకి అది అనుమతి ఇస్తుంది, అంతే. మీకొచ్చే లైసెన్సు గురించి అది ఏమీ చెప్పదు.

2020 జులై నుంచి ఒక ఫెడరల్ నిబంధన మనకు ఉపయోగపడుతోంది. లైసెన్సు కోసమని చెప్పే ప్రతి కోర్సుకూ, ఏ రాష్ట్రంలో అర్హతకు సరిపోతుందో, ఎక్కడ సరిపోదో యూనివర్సిటీ వెల్లడించాలి. ఆ జాబితాలో మీ రాష్ట్రం గురించి ఏమీ తేల్చి చెప్పకపోతే "సరిపోదు" అనే అనుకుని అడుగెయ్యండి. ఫోన్లో అడగొద్దు, ఈమెయిల్లో అడగండి: "ఈ కోర్సు పూర్తిచేస్తే ఫలానా రాష్ట్రంలో రీడింగ్ స్పెషలిస్ట్ సర్టిఫికెట్‌కు మీరు నన్ను రికమెండ్ చేస్తారా?" అవును, కాదు అని తేల్చకుండా "మా గ్రాడ్యుయేట్లు ఎన్నో హోదాల్లో రాణిస్తున్నారు" లాంటి జవాబు వస్తే ఆ కోర్సు వదిలేయండి.

టెక్సస్‌లో మాస్టర్స్ ఒక్కటే ఉంటే చాలదు. చెల్లుబాటయ్యే క్లాస్‌రూమ్ టీచర్ సర్టిఫికెట్, లెక్కలోకొచ్చే 2 సంవత్సరాల బోధన అనుభవం, టీఈఏ (టెక్సస్ విద్యాశాఖ) ఆమోదించిన ప్రిపరేషన్ ప్రోగ్రామ్, దాని మీద పరీక్ష కూడా ఉండాలి. ఎక్కువమంది దెబ్బతినేది ప్రాక్టికమ్ దగ్గర. కనీసం 160 గంటలు చేయాలి, అదంతా వేసవి సెలవుల్లోనే పూర్తిచేస్తే కుదరదు. సమ్మర్ రీడింగ్ క్యాంపుతో సరిపెట్టేస్తామని చెప్పే కోర్సును అందుకే నమ్మొద్దు. ఫీల్డ్ సూపర్‌వైజర్ కనీసం 3 సార్లు, మొత్తం 135 నిమిషాలు పరిశీలించాలి. ఆ సూపర్‌వైజర్ ఎవరు, ఎవరు కుదురుస్తారు అని ముందే అడగండి. "మీరే వెతుక్కోండి" అంటే సెమిస్టర్ మధ్యలో ఇరుక్కుంటారు.

న్యూజెర్సీలోనూ మాస్టర్స్, స్టాండర్డ్ టీచర్ సర్టిఫికెట్, 2 సంవత్సరాల అనుభవం అడుగుతారు. రీడింగ్‌లో గ్రాడ్యుయేట్ క్రెడిట్లు 30 ఉండాలి, వాటిలో పర్యవేక్షణ ఉన్న ప్రాక్టికమ్ ఉండాలి. 30 క్రెడిట్ల డిగ్రీలో రాష్ట్రం రీడింగ్ కింద లెక్కించని సబ్జెక్టులకు 9 క్రెడిట్లు పోతే, రీడింగ్ కింద లెక్కకొచ్చేవి 21 మాత్రమే. డిగ్రీ మొత్తం ఎన్ని క్రెడిట్లు అన్నది కాదు, ఒక్కో సబ్జెక్టు పేరు చూసి కూడుకోండి.

ఇక సిలబస్. ప్రాక్టికమ్ సరిగా ఉన్న కోర్సుల్లో కూడా పాత సరుకు అమ్మేవి ఉన్నాయి. పదం రాకపోతే బొమ్మ చూసి, వాక్యం అర్థాన్ని బట్టి, మొదటి అక్షరాన్ని బట్టి ఊహించమని పిల్లలకు నేర్పే పద్ధతిని త్రీ-క్యూయింగ్ అంటారు. గుణింతాలు నేర్పిన ఏ తెలుగు టీచరూ ఈ పని చేయమనదు, అది వేరే సంగతి. చదవడంలో వెనకబడ్డ పిల్లలు చేసేదే ఊహించడం. అదే అలవాటును పాఠంగా చెబితే, బొమ్మలు లేని పుస్తకాలొచ్చే మూడో తరగతి, నాలుగో తరగతికి వచ్చేసరికి వాళ్లు ఆగిపోతారు. టెక్సస్, ఒహాయో, ఇండియానా వంటి రాష్ట్రాలు 2023లో దీన్ని చట్టంతోనే అడ్డుకున్నాయి. ఈ ధోరణికి పెద్ద ఆధారంగా ఉన్న కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజ్ రీడింగ్ అండ్ రైటింగ్ ప్రాజెక్టును కూడా ఆ కాలేజీ అదే ఏడాది మూసేసింది. మీ రాష్ట్రం నిషేధించిన పద్ధతిని నేర్చుకోవడానికి వేల డాలర్లు కట్టడం ఎందుకు?

సిలబస్ పంపమని అడగండి. ఇవ్వనంటే అదే జవాబు. పంపితే 2000 నాటి నేషనల్ రీడింగ్ ప్యానెల్ చెప్పిన అయిదూ ఉన్నాయా చూడండి: పదాల్లోని శబ్దాలను విడదీసి గుర్తించడం, ఫోనిక్స్ (ఏ అక్షరానికి ఏ శబ్దమో నేర్పడం), ధారాళంగా చదవడం, పదసంపద, అర్థం చేసుకోవడం. ఫోనిక్స్‌కు ఒక వారం, "పిల్లల సాహిత్యం"కు ఆరు వారాలు ఉంటే ఆ కోర్సు స్పెషలిస్టును తయారుచేసేది కాదు. అసెస్‌మెంట్ సబ్జెక్టులో రన్నింగ్ రికార్డు (పిల్లవాడు చదువుతుంటే తప్పులు రాసుకునే పద్ధతి) ఒక్కటే ఉందా, లేక డిబెల్స్ లాంటి స్క్రీనింగ్, అర్థంలేని పదాలు చదివించే పరీక్ష, స్పెల్లింగ్ తప్పుల విశ్లేషణ కూడా ఉన్నాయా? అర్థంలేని పదాన్ని ఊహించి చెప్పలేం కదా, పిల్లవాడికి నిజంగా డీకోడింగ్, అంటే అక్షరాలను శబ్దాలుగా మార్చి చదవడం, వచ్చో రాదో అక్కడే తేలుతుంది. ప్రాక్టికమ్‌లో ఒక పిల్లవాడికి మొదట పరీక్ష, దాన్నిబట్టి పాఠాల ప్రణాళిక, చివర్లో మళ్లీ పరీక్ష, మీ పాఠం వీడియో మీద సూపర్‌వైజర్ వ్యాఖ్యలు, ఇవన్నీ ఉండాలి. చర్చావేదికలో వారానికి రెండు పోస్టులు రాయించి ప్రాక్టికమ్ అనేవాళ్లూ ఉన్నారు.

"ఈ డిగ్రీతో డిస్‌లెక్సియా థెరపిస్ట్ కూడా అయిపోవచ్చు" అన్న మాట వింటే ఇంకా జాగ్రత్త. టెక్సస్‌లో ఆ లైసెన్సు టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ ఇస్తుంది. మాస్టర్స్‌తో పాటు 200 గంటల శిక్షణ, పర్యవేక్షణలో 700 గంటల క్లినికల్ పని, 10 డెమో పాఠాలు, పరీక్ష ఉంటాయి. మామూలు రీడింగ్ మాస్టర్స్‌తో ఆ గంటలు రావు. ఆర్టన్-గిలింగ్‌హామ్ (డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకు చదవడం నేర్పే పద్ధతి) పేరుతో వారాంతపు సర్టిఫికెట్ జోడిస్తామన్నా అంతే. ఆర్టన్-గిలింగ్‌హామ్ అకాడమీలో అసోసియేట్ స్థాయికే 60 గంటల పాఠాలు, 100 గంటల ప్రాక్టికమ్ కావాలి.

వీసా మీద ఉన్నవాళ్లకు రెండు మాటలు. ఎఫ్-1 మీద పూర్తి ఆన్‌లైన్ మాస్టర్స్ కుదరదు, ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్లే వస్తాయి. హెచ్4 మీద చదువుకోవచ్చు, కానీ పని అనుమతి లేకపోతే ఆ 2 సంవత్సరాల బోధన అనుభవం ఎలా వస్తుందో ముందు తేల్చుకోండి. ఇండియాలో మూడేళ్ల డిగ్రీ, బీఎడ్ చేసినవాళ్లు అప్లికేషన్ ఫీజు కట్టే ముందే కోర్సు వారీ క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ చేయించుకోండి. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకోని గ్రాడ్యుయేట్ స్కూళ్లు చాలా ఉన్నాయి.

సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు టీచ్ గ్రాంట్ (టీచర్ చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) ఆశ చూపిస్తారు. ఏడాదికి 4,000 డాలర్ల వరకు అంటారు, కోతలు పోగా కాస్త తగ్గుతుంది. ఇది ఉచితం కాదు. చదువు పూర్తయ్యాక 8 సంవత్సరాల్లో 4 సంవత్సరాలు, తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలున్న స్కూల్లో, అవసరం ఎక్కువగా ఉందని ప్రభుత్వం గుర్తించిన సబ్జెక్టులోనే పనిచేయాలి. చేయకపోతే మొత్తం అప్పుగా మారి, డబ్బు తీసుకున్న రోజు నుంచీ వడ్డీ పడుతుంది. సర్టిఫికెట్ రాని కోర్సుకు ఈ గ్రాంట్ వాడితే ఆ పోస్టు రాదు, అప్పు మిగులుతుంది.

ఇప్పటికే చేరిపోయినవాళ్లు ముందు అకడమిక్ క్యాలెండర్‌లో రీఫండ్ గడువు చూడండి, క్లాసులు మొదలయ్యాక అది వారం వారం తగ్గిపోతుంది. వేరే యూనివర్సిటీకి మారాలంటే మాస్టర్స్‌లో సాధారణంగా 6 నుంచి 9 క్రెడిట్లే తీసుకుంటారు, కాబట్టి మూడో సబ్జెక్టు దాటకముందే నిర్ణయించుకోవాలి. మానేసేటప్పుడు లాగిన్ అవకుండా వదిలేయకండి, రాతపూర్వకంగా విత్‌డ్రా అవ్వండి. లేకపోతే ఎఫ్ గ్రేడ్లు పడి, కొత్త యూనివర్సిటీ ఆ ట్రాన్‌స్క్రిప్టే ముందు అడుగుతుంది.