ఏడాది చదువు: పని తెలిసిన పుస్తకాలు, మాటలతో సరిపెట్టిన పుస్తకాలు

గడిచిన ఏడాది నా చదువంతా దాదాపుగా తెలుగు కథలు, నవలల చుట్టూనే తిరిగింది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్నవి కొన్ని, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నవి కొన్ని, ఇంట్లో ఏళ్ల తరబడి ఉండగా మళ్లీ చేతిలోకి తీసుకున్నవి ఇంకొన్ని. సంవత్సరం పూర్తయ్యాక వాటన్నిటినీ తలచుకుంటే, మనసులో నిలిచినవాటికీ జారిపోయినవాటికీ మధ్య ఒక తేడా స్పష్టంగా కనిపించింది. మనిషి ఏ పని చేసి బతుకుతున్నాడో, ఆ పనిలో అతని చేతులూ తెలివీ ఎలా మెలగుతాయో రచయితకు తెలిసిన పుస్తకాలు నాతో ఉండిపోయాయి. పాత్రలు ఎంత లోతుగా ఆలోచించినా, వాళ్ల ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతున్నదో పట్టించుకోని పుస్తకాలు చదువుతున్నంతసేపు బాగానే ఉన్నా, ఆ తరువాత గుర్తుకు రాలేదు.

అన్నిటికన్నా ముందు చెప్పవలసినది డాక్టర్ పి. శ్రీదేవి నవల ‘కాలాతీత వ్యక్తులు’. 1950ల చివర ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ నవలను నేను కాలేజీ రోజుల్లో ప్రేమకథగా చదివాను. ఈసారి చదివినప్పుడు నన్ను కట్టిపడేసింది ఇందిర ఇంటి జమాఖర్చు. ఉద్యోగం చేసి ఇల్లు నడిపేది ఆమె. తండ్రి ఆనందరావుకు సంపాదన లేదు, కూతురి సంపాదన మీద బతుకుతున్నానన్న సంకోచమూ లేదు. మేడ మీద గదిలో అద్దెకు దిగిన వైద్య విద్యార్థి ప్రకాశంతో ఆమె మాట్లాడే చనువు, అతన్ని తనవైపు తిప్పుకోవాలన్న పట్టుదల, మొహమాటం లేని ఆ నోరు, ఇవన్నీ ఆ బరువు మోసే మనిషికే సాధ్యమైనవి. పెళ్లి ఆమెకు కలగా కాక బయటపడే దారిగా కనిపిస్తుంది. ఆ మాటను ఆమె దాచుకోదు, రచయిత్రి ఆమెను అందుకు శిక్షించదు. పక్కనే కల్యాణి ఉంది. ఓర్పు, మర్యాద, చదువు అన్నీ ఉన్న అమ్మాయి. మరొకరి చేతిలోనైతే కల్యాణి మంచిది, ఇందిర చెడ్డది అయి కథ ముగిసేది. శ్రీదేవి ఇద్దరినీ ఒకే ఇంట్లో పెట్టి, ఇద్దరికీ సమానమైన గౌరవం ఇచ్చింది. తనూ వైద్యురాలే కాబట్టి కావచ్చు, మనుషుల బలహీనతలను అసహ్యించుకోకుండా చూడగలిగింది. 1961లో చాలా చిన్న వయసులోనే ఆమె మరణించింది. ఈ నవల ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది కానీ, సినిమా చూసినవారు నవల తెలిసిపోయిందని అనుకోకూడదు. ఇందిర అసలు స్వరం పుస్తకంలోనే ఉంది.

డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ను, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ను ఒకదాని వెంట ఒకటి చదవడం ఈ ఏడాది నాకు దొరికిన గొప్ప అవకాశం. రెండింటిలోనూ అడవి ఉంది, రెండింటిలోనూ పశువును నమ్ముకున్న మనిషి ఉన్నాడు. కేశవరెడ్డి నవలలో తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు సాయంత్రం అడవిలోకి వెళతాడు. అది ఈనే పంది. ఒక రాత్రిలో జరిగే ఈ కథలో మనుషుల సంభాషణ దాదాపు లేదు. పాత్రలకు పేర్లు కూడా లేవు. ముసలివాడు నేల మీద జాడలు చూసే తీరు, చప్పుడును బట్టి దూరాన్ని అంచనా కట్టే తీరు, తన పందే తనను దగ్గరకు రానివ్వనప్పుడు దాని కోపాన్ని అర్థం చేసుకునే తీరు, ఇవే కథ. పందుల పెంపకం తెలిసినవాడి అనుభవం అంతా అక్కడ పని చేస్తుంది, చివరికి అది చాలకుండానూ పోతుంది. నూరు పేజీలకు అటూ ఇటూ ఉండే ఈ చిన్న పుస్తకాన్ని చదివిన తరువాత కొన్నాళ్లు మరే నవలా మొదలుపెట్టబుద్ధి కాలేదు.

‘కొండపొలం’ ఇంకా విశాలమైనది. వానలు లేక ఊళ్లో మేతా నీళ్లూ కరువైనప్పుడు గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోయే కడప జిల్లా కాపరుల జీవితం ఇది. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం దొరకని రవీంద్ర తండ్రికి తోడుగా కొండకు వెళతాడు. రాత్రికి మందను ఎక్కడ నిలపాలి, రేపటి నీళ్లు ఎక్కడ, ఏ గొర్రె నడవలేకపోతున్నది అన్న లెక్కలతోనే ఇక్కడ రోజు గడుస్తుంది. పులి భయం ఉంది, కానీ పులి కన్నా దాహమే పెద్ద భయం. చదువుకున్న కొడుకు ముందు తండ్రి నోరు విప్పి పాఠం చెప్పడు. అతను చేసే పనిని చూసి కొడుకే నేర్చుకుంటాడు. రవీంద్ర ధైర్యం తెచ్చుకునే క్రమం అక్కడక్కడ వ్యక్తిత్వ వికాస పాఠంలా వినిపించిన మాట నిజమే. అయినా, 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందిన ఈ పుస్తకం ఆ బహుమతికి అన్ని విధాలా తగినదని నా అభిప్రాయం. ఆ సీమ యాసకు అలవాటు లేనివారికి మొదటి ముప్పై నలభై పేజీలు నెమ్మదిగా సాగుతాయి. అక్కడ ఆపవద్దు.

బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చాక దాని మీద చాలామంది రాశారు. 18వ శతాబ్దపు అనంతపురం సీమలో హండె ప్రభువుల కాలాన్ని, ఆ ప్రభువుల కన్నా వాళ్ల కింద నలిగినవారి వైపు నుంచి చూపించిన నవల ఇది. చారిత్రక నవల అంటే కోటలూ కత్తులూ అనుకునేవారు తప్పక చదవాలి.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ శిల్పం దృష్ట్యా అంత నిండైనది కాదు. కథానాయకుడు కంఠీరవం మరీ మచ్చలేని మనిషి, మాటలు కొన్నిచోట్ల ఉపన్యాసాలవుతాయి. అయినా 1940కి ముందరి నిజాం రాజ్యంలో ఒక పల్లె ఎలా నడిచేదో, వెట్టి ఏ గడప నుంచి ఏ గడపకు పాకేదో, దొర గడీ ముందు మనిషి ఎలా నిలబడేవాడో తెలుసుకోవాలంటే నేను చదివినవాటిలో ఇంతకు మించిన నవల లేదు. ఆళ్వారుస్వామి పరుల ఇళ్లలో వంటపని చేసి చదువుకున్నవాడు, జైలుకు వెళ్లినవాడు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి తను వేసిన పుస్తకాలను తనే మోసుకుపోయి అమ్మినవాడు. ఆ జీవితం ప్రతి పేజీలోనూ తెలుస్తుంది. దీనికి కొనసాగింపైన ‘గంగు’ను ఆయన పూర్తి చేయలేకపోయాడు.

ఇక నిరాశ కలిగించినవి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని ఎంతో ఆశతో మళ్లీ చదివాను. వాక్యం అందం, మనసు పొరలను విప్పే నేర్పు ఈనాటికీ అసాధారణమే. ఆ మాటలో మార్పు లేదు. కానీ కథానాయకుడు దయానిధి వైద్యుడు. తల్లి మీద పడిన మచ్చ అతన్ని వెంటాడటాన్ని మనం అడుగడుగునా చూస్తాం. ఒక రోగి పక్కన అతను నిజంగా కూర్చున్న తృప్తి మాత్రం నాకు దొరకలేదు. చుట్టూ ఉన్న స్త్రీలు అతని ఆలోచనలకు అద్దాలుగా మిగిలిపోయారు. కోమలి అయినా, అమృతం అయినా, దయానిధి గదిలో లేనప్పుడు ఏం చేస్తుంటారో నాకు ఊహకు అందలేదు. ఇందిర విషయంలో అలా కాదు. బహుశా ‘కాలాతీత వ్యక్తులు’ తరువాత వెంటనే చదవడం వల్ల ఈ తేడా మరింత కొట్టవచ్చినట్టు కనిపించి ఉండవచ్చు. అయినా నా తీర్పు అదే.

ఈ మధ్య వచ్చిన, చాలామంది మెచ్చుకున్న ఒక చారిత్రక నవల (పేరు అనవసరం) మరింత నిరుత్సాహపరిచింది. రచయిత శాసనాలు చదివారు, వంశావళులు తెలుసు, యుద్ధాల తేదీలు తెలుసు. కానీ వందల పేజీల్లో ఒక్క రైతు నాగలి పట్టడు, ఒక్క సైనికుడికి కాలి పుండు పుట్టదు, అంతఃపురంలో ఎవరు వండారో తెలియకుండానే విందులు జరుగుతాయి. ఇంగ్లీషు నుంచి వచ్చిన కొన్ని అనువాదాలదీ ఇదే కథ. పేజీ నిండా తెలుగు అక్షరాలున్నా వాక్యం తెలుగువాడు పలికేది కాదు.

అన్నిటికన్నా బాధ కలిగించింది మాత్రం నాకు ఎంతో ఇష్టమైన రచయిత పుస్తకమే. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు ఏటా చదువుతాను. ‘వడ్లగింజలు’లో చదరంగపు ఎత్తులు తెలియనివారికి కూడా ఆట ఉత్కంఠ తెలుస్తుంది. ‘గులాబీ అత్తరు’లో అత్తరు చేసినవాడి గర్వం, ఆ గర్వాన్ని ప్రభువు దాకా పోనివ్వని దివాణపు మనుషుల అడ్డంకులు, ఆ సీసాకు చివరికి పట్టే గతి, ఇవి తెలుగు కథ చేరుకున్న ఎత్తులు. పని గురించి పైన చెప్పినదంతా నేను ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఈసారి కొన్న కొత్త ముద్రణలో మాత్రం పాత ఖతుల (కంప్యూటర్ ఫాంట్ల) నుంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోయాయి. ‘అత్తరు’ కొన్నిచోట్ల ‘అతరు’ అయింది. ఒకరి మాట ఎక్కడ ముగిసి మరొకరి మాట ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తులు లేవు. సంభాషణే ప్రాణమైన రచయితకు ఇది తీరని అన్యాయం. ఒక కథలో పేరా మధ్యలో తెగి, తరువాతి పేజీ మరో చోట మొదలైంది. గోదావరి ఇళ్ల ఆడవాళ్ల పలుకుబడిని చెవితో విని రాసిన రచయితను, చదివి చూసే మనిషి లేకుండా అచ్చు వేయడం అంటే పుస్తకాన్ని వేయకపోవడమే. అట్ట మీద బొమ్మ చాలా బాగుంది, కాగితం మేలైనది, వెల తక్కువేమీ కాదు. ఆ ఖర్చులో కొంత ప్రూఫు చూసేవారికి వెళ్లి ఉండవలసింది. ఆళ్వారుస్వామి కూడా ఒకప్పుడు ‘గోల్కొండ పత్రిక’లో ప్రూఫులు దిద్దినవాడే. ప్రచురణకర్తలు ముఖచిత్రం వేసినవారి పేరు ముద్రించినట్టే ప్రూఫులు చూసినవారి పేరూ లోపలి పేజీలో ముద్రించాలి. ఆ పేరు లేని పునర్ముద్రణలను వచ్చే ఏడాది నుంచి నేను కొనదలచుకోలేదు. శ్రీపాద కథలకు ప్రస్తుతం గ్రంథాలయంలోని పాత ప్రతులనే తెచ్చుకుంటున్నాను.