‘పారాబెన్ ఫ్రీ’ లోషన్: రెండేళ్ల తర్వాత నా ఐదు స్టార్లు వెనక్కి తీసుకుంటున్నా

చిక్కదనం, వాసన, ఎంతసేపు తేమ నిలుస్తుంది, ఇవన్నీ అందరూ రాసేశారు కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవంతా సీసా ముందు వైపు ఆకు బొమ్మ కింద ఉన్న రెండు మాటలతోనే: ‘పారాబెన్ ఫ్రీ’, అంటే పాడవకుండా కలిపే పారాబెన్లనే రసాయనాలు ఇందులో లేవని. ఆ మాటలు చూసే కొన్నాను. ఆరు నెలలు వాడి, చేతులకు ఇంతకంటే మంచిది లేదని ఐదు స్టార్లు ఇచ్చిందీ నేనే. జిడ్డు ఉండదన్నాను, అది ఇప్పటికీ నిజమే.

ఏడాదిన్నర దాకా ఏ ఇబ్బందీ లేదు. ఆ తర్వాత వేళ్ల సందుల్లో దురద మొదలైంది. చర్మం పొడిబారిందేమో అనుకుని ఇంకాస్త ఎక్కువ పూశాను. వారం తిరిగేసరికి సన్నటి నీటి పొక్కులు, అవి చితికి పగుళ్లు, ఆ చేతులతోనే కళ్లు నులుముకున్నానేమో కనురెప్పలు కూడా ఎర్రగా ఉబ్బాయి. సబ్బు మార్చాను, గ్లవ్స్ లేకుండా గిన్నెలు తోమడం మానేశాను. లోషన్‌ని మాత్రం అనుమానించలేదు, మందులా రాస్తున్నది అదే కదా! అన్నాళ్లు పడింది ఇప్పుడెందుకు పడదనుకున్నా. ఈ రకం అలర్జీ అలాగే వస్తుందట, నెలలో ఏళ్లో వాడాక ఒక రోజు ఒళ్లు తిరగబడుతుంది.

దేనికి అలర్జీయో తేల్చడానికి స్కిన్ డాక్టర్ ఒక్కో గడిలో ఒక్కో రసాయనం ఉన్న పట్టీలు వీపు మీద అంటించి, పక్కన పెన్నుతో అంకెలు వేశారు. రెండు రోజులు వీపు తడవకూడదు. పట్టీలు తీసిన రోజు ఒక గడిలో కాస్త ఎరుపు, ఇంకో రెండు రోజులకు చూస్తే అక్కడే పొక్కులతో దద్దు. ఆ గడిలోని రసాయనం పేరు మిథైల్ ఐసోథయాజోలినోన్, ఇదీ పాడవకుండా కలిపే ప్రిజర్వేటివే. ఇంటికొచ్చి సీసా వెనక చీమ తలకాయలంత అక్షరాలను ఫొటో తీసి, పెద్దది చేసి చూశాను. చివరి నుంచి రెండో పేరు. పారాబెన్ల గడిలో మాత్రం గీత కూడా లేదు!

ఒళ్లు మండింది ఇక్కడే. నీళ్లు కలిసిన లోషన్‌కి బూజు పట్టకుండా ఏదో ఒక ప్రిజర్వేటివ్ కావాలి, సరే. 2004లో రొమ్ము క్యాన్సర్ గడ్డల్లో పారాబెన్లు కనిపించాయని ఒక అధ్యయనం వచ్చింది, చూసినవి 20 గడ్డలు, వాటివల్లే క్యాన్సర్ వచ్చిందని అందులో తేలలేదు. జనం భయపడ్డారు, చాలా కంపెనీలు పారాబెన్లు తీసి వేరే ప్రిజర్వేటివ్‌లు పెట్టాయి, వాటిలో ఈ మిథైల్ ఐసోథయాజోలినోన్ ఒకటి. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దీన్ని ఆ ఏటి అలర్జెన్ (అలర్జీ తెచ్చే పదార్థం) అంది. అదే సొసైటీ 2019లో పారాబెన్లను ‘నాన్ అలర్జెన్’ అంది! పారాబెన్లన్నీ మంచివని వెనకేసుకురావడం లేదు, వాటిలో ఐదు రకాలను యూరోపియన్ యూనియన్ 2014లో నిషేధించింది. కానీ రాసుకుని కడగకుండా వదిలేసే క్రీముల్లో ఈ మిథైల్‌గాడిని కూడా 2017 నుంచి అక్కడ రానివ్వడం లేదు, షాంపూల్లాంటి వాటిలో 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15) మించకూడదు. నేను రెండేళ్లు రాసుకుని వదిలేసింది లోషనే.

మానేసిన మూడు వారాలకు చేతులు మామూలయ్యాయి. అయిపోయిందనుకుంటే, పక్క గదికి రంగు వేయించిన రోజు డబ్బా ముట్టుకోకుండానే కనురెప్పలు మళ్లీ ఉబ్బాయి. నీళ్లతో కలిపే పెయింట్లలోనూ ఉంటుందట ఇది.

ఇంతా చెప్పి, మా ఆవిడ ఇప్పటికీ ఇదే రాసుకుంటోంది, ఆమెకేమీ కాలేదు. అందుకే వద్దని అందరికీ చెప్పలేను, ఇదివరకే చేతులకు దురదలు వచ్చేవాళ్లయితే ఆ చివరి నాలుగు పేర్లు చూసి తీసుకోండి. నా వైపు నుంచి రెండు స్టార్లు. ఒకటి జిడ్డు లేనందుకు, రెండోది పంపుకి, అడుగున ఉన్న చుక్క కూడా లాగుతుంది.