విదేశీ పర్యాటకుల మనసులోని ఇమేజ్: స్కేలుతో కొలవాలా, స్వేచ్ఛగా అడగాలా?

2006లో టూరిజం ఆస్ట్రేలియా అనే ప్రభుత్వ సంస్థ ఒకే ప్రకటన చిత్రాన్ని అనేక దేశాల్లో విడుదల చేసింది. అందులో ఆస్ట్రేలియన్లు ఒక్కొక్కరే వచ్చి అతిథుల కోసం ఏమేం సిద్ధం చేశారో చెబుతారు. చివర్లో ఓ యువతి, కాస్త మొరటు మాట జోడించి, మరి మీరెక్కడ అని అడుగుతుంది. ఆస్ట్రేలియన్ల చెవికి అది స్నేహితుల మధ్య చనువు. బ్రిటన్‌లో మాత్రం ఆ భాష టీవీకి తగదని మొదట అడ్డుకున్నారు, తర్వాత అనుమతించారు. కెనడాలోనూ అభ్యంతరాలు వచ్చాయి. 2008 నాటికి ఆ ప్రచారం స్థానంలో మరొకటి వచ్చింది.

2025లో అదే సంస్థ దారి మార్చింది. రూబీ అనే యానిమేషన్ కంగారూ అన్ని ప్రకటనల్లోనూ ఉంది, కానీ దేశానికొక ముఖం. అమెరికాకు వన్యప్రాణుల కార్యక్రమాలతో పేరొందిన రాబర్ట్ ఇర్విన్, బ్రిటన్‌కు టీవీ వంటల నిపుణురాలు నైజెల్లా లాసన్, మన దేశానికి సారా టెండూల్కర్. చైనాకు అక్కడివారికి తెలిసిన నటుడు, జపాన్‌కు అక్కడివారికి తెలిసిన హాస్యకళాకారుడు.

అందరికీ ఒకే సందేశమా, దేశానికొకటా అన్న ఈ తగవు అంతర్జాతీయ వ్యాపార వ్యూహం చదివేవారికి పాతదే. థియోడర్ లెవిట్ 1983లో ప్రపంచ మార్కెట్లన్నీ ఒకే తీరుకు వస్తున్నాయని, కంపెనీలు అందరికీ ఒకే సరుకు అమ్మవచ్చని వాదించారు. పంకజ్ ఘెమావత్ 2001లో దానికి భిన్నంగా, దేశాల మధ్య దూరం ఇంకా లెక్కలోకి వస్తుందని, ఆ దూరం భౌగోళికమే కాక సాంస్కృతికం, పాలనాపరం, ఆర్థికం కూడా అని చూపించారు. పర్యాటకంపై పరిశోధన చేసే విద్యార్థులు చాలామంది ఈ రెంటిలో ఒకరి పక్షం తీసుకుని మొదలుపెడతారు. నా అభిప్రాయంలో వారు ముందుగా తేల్చుకోవాల్సింది అది కాదు. ఏ దేశం వారి మనసులో ఆ గమ్యస్థానం ఎలా ఉందో ఏ సాధనంతో తెలుసుకోబోతున్నారో అది తేల్చుకోవాలి. అన్ని దేశాల్లోనూ ఒకే జాబితా పట్టుకుని అడిగితే జవాబులు ఒకే జాబితాలో ఇమిడిపోతాయి, అప్పుడు ఒకే ప్రచారం చాలనిపిస్తుంది. స్వేచ్ఛగా చెప్పనిస్తే తేడాలే ముందుగా కనిపిస్తాయి. సాధనాన్ని ఎంచుకున్నప్పుడే వ్యూహంలో సగం ఎంచుకున్నట్టు.

ముందు స్కేలు సంగతి. ఈ రంగంలో తొలి అధ్యయనాల్లో ఒకటి 1975లో వచ్చిన జాన్ హంట్‌ది. అమెరికాలోని యూటా, మోంటానా, కొలరాడో, వయోమింగ్ రాష్ట్రాల గురించి బయటివారు ఏమనుకుంటున్నారో ఆయన చూశారు. 1979లో క్రాంప్టన్ ఇచ్చిన నిర్వచనాన్ని ఇప్పటికీ వాడుతున్నారు: ఒక గమ్యస్థానం గురించి మనిషికున్న నమ్మకాలు, ఆలోచనలు, అభిప్రాయాల మొత్తమే దాని ఇమేజ్. ఈ మొత్తాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకూ మార్కులు వేయించేదే స్కేలు. బీచ్‌లు, ధరలు, భద్రత, శుభ్రత, స్థానికుల ఆదరణ, రాత్రి వినోదం వంటి అంశాలు వరుసగా ఇచ్చి, ఒకటి నుంచి అయిదు లేదా ఏడు వరకు ఎంత ఒప్పుకుంటారో గుర్తించమంటారు. ఆపైన ఫ్యాక్టర్ ఎనాలిసిస్, అంటే కలిసి నడిచే అంశాలను కొద్ది గుంపులుగా కుదించే గణాంక పద్ధతి.

దీని బలాన్ని తక్కువ చేయకూడదు. వందల మందిని తక్కువ ఖర్చుతో అడగవచ్చు. రెండు గమ్యస్థానాలను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇమేజ్‌ను మరో విషయంతో ముడిపెట్టి పరీక్షించవచ్చు. 1999లో బలోగ్లు, మెక్‌క్లియరీ కలిసి ప్రతిపాదించిన నమూనాలో దేశం గురించి తెలిసినది ఒక పాయ, దానిపై కలిగే భావం మరో పాయ; రెండూ కలిసి మొత్తం ఇమేజ్‌గా మారతాయి. ఇలాంటి నమూనాను అంకెలు లేకుండా నిరూపించలేం. స్టీవెన్ పైక్ 2002లో 1973 నుంచి 2000 దాకా వచ్చిన 142 పరిశోధన పత్రాలను సమీక్షిస్తే, వాటిలో ఎక్కువ భాగం ఇలా ముందే కట్టిన ప్రశ్నావళి మీదే ఆధారపడ్డాయని తేలింది.

రెండో దారికి, అంటే స్వేచ్ఛా ప్రశ్నలకు, గట్టి పునాది వేసినవారు ఎక్ట్నర్, రిచీ. 1991లో ఒక పత్రం, 1993లో మరొకటి. ఇమేజ్‌ను మూడు కోణాల్లో చూడాలన్నది వారి వాదన. విడివిడి లక్షణాలు ఒక కొసన, మనసులో మెదిలే మొత్తం చిత్రం మరో కొసన. కొలవగలిగే ధర, వాతావరణం ఒకవైపు, అనుభూతి మరోవైపు. మూడోది, వ్యూహానికి అన్నిటికంటే పనికొచ్చేది: ఏ దేశానికైనా వర్తించేవి ఇటు, ఆ ఒక్క దేశానికే చెందినవి అటు. స్కేలు ఎక్కువగా విడివిడి లక్షణాలనూ, ఏ దేశానికైనా వర్తించేవాటినీ మాత్రమే పట్టుకుంటుందని వారు చూపించారు. స్కేలుకు అందని మొత్తం చిత్రం, ప్రత్యేకతల కోసం మూడు ప్రశ్నలు అడిగారు. ఆ దేశాన్ని సెలవులు గడిపే చోటుగా తలచుకుంటే ఏ దృశ్యాలు, లక్షణాలు మనసులోకి వస్తాయి? అక్కడ ఎలాంటి వాతావరణం, ఎలాంటి మూడ్ ఉంటుందని ఊహిస్తారు? అక్కడ మాత్రమే ఉండే ప్రత్యేక ఆకర్షణలేవి? జమైకా, జపాన్, కెన్యా, స్విట్జర్లాండ్‌లపై ఈ పద్ధతిని, దానితోపాటు స్కేలును కూడా పరీక్షించారు. స్కేలును వారు వదిలేయలేదన్న సంగతి చాలామంది మరచిపోతారు.

స్విట్జర్లాండ్‌నే తీసుకోండి. ఉత్తర అమెరికాలో తయారైన జాబితాలో పర్వతాలు, మంచు, శుభ్రత, ధరలు ఉంటాయి. స్విట్జర్లాండ్ అంటే ఏం గుర్తొస్తుందని తెలుగు ప్రేక్షకులను అడిగితే, పచ్చిక బయళ్లలో హీరో హీరోయిన్లు పాడుకున్న పాటలు తలచుకునేవారు తప్పకుండా ఉంటారు. గార్ట్‌నర్ 1993లో ఇమేజ్‌ను రూపుదిద్దే మార్గాలను వర్గీకరించినప్పుడు ప్రభుత్వ ప్రకటనలను ఒకచోట, ప్రకటనకర్త చేతిలో లేని సినిమాలను, వార్తలను మరోచోట పెట్టారు. మన విషయంలో రెండోది ఎంత బలమైనదో అందరికీ తెలుసు. జాబితాలో 'సినిమా పాటల్లో చూసిన చోటు' అనే వరుస లేకపోతే మనవారు ఆ మాట ఎక్కడ రాస్తారు? కొండలకు అయిదు మార్కులు వేసి ఊరుకుంటారు. పరిశోధకుడు దాన్ని ప్రకృతి ప్రేమగా చదువుకుంటాడు.

ఒకే స్కేలును దేశాలు దాటించినప్పుడు ఇంకో చిక్కుంది, దీన్ని పట్టించుకోని థీసిస్‌లను చూస్తే నిజంగా బాధేస్తుంది. మార్కులు వేసే అలవాటు అందరికీ ఒకటి కాదు. కొన్ని సంస్కృతుల్లో జనం కొసలకు వెళ్లి వేస్తారు, కొన్నిచోట్ల మధ్యలో ఆగుతారు. జపాన్ విద్యార్థులు అమెరికన్ల కంటే మధ్య అంకెనే ఎక్కువగా ఎంచుకుంటారని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని ఒక దేశంలో సగటు 4.2, మరో దేశంలో 3.7 వస్తే తేడా ఇమేజ్‌లో ఉందో, అంకె వేసే అలవాటులో ఉందో చెప్పలేం. స్టీన్‌క్యాంప్, బామ్‌గార్ట్‌నర్ 1998లోనే దీనికి పరీక్షలు వరుసగా చెప్పిపెట్టారు: స్కేలులోని అంశాలు రెండు దేశాల్లోనూ ఒకేలా గుంపు కడుతున్నాయని, ఒక్కో అంశానికి ఒకే బరువు ఉందని, మార్కులు ఒకే చోటు నుంచి మొదలవుతున్నాయని తేలాకే సగటులను పోల్చాలి. ఈ మెట్టు ఎక్కకుండా గీసిన పట్టికను నమ్మి ఒక రాష్ట్రమో దేశమో ప్రచారానికి ప్రజాధనం పెడుతుందంటే, అది చిన్న తప్పు కాదు.

స్వేచ్ఛా ప్రశ్నల కష్టం వేరు. జవాబులను వర్గాలుగా విడదీయడానికి కనీసం ఇద్దరు విడివిడిగా కూర్చోవాలి, ఇద్దరి తీర్పూ ఎంతవరకు కలిసిందో లెక్కించాలి. దేశం మారితే ఆ భాష తెలిసినవారు కావాలి. మాట్లాడే అలవాటున్నవారు అర పేజీ రాస్తారు, మొహమాటస్తులు రెండు ముక్కలతో సరిపెడతారు. పరికల్పనలేవి, పరీక్షలేవి అని వైవా నాడు అడిగితే చూపించడానికి పట్టికలు తక్కువ. శ్రమకు తగిన గుర్తింపు రాదు.

ఇప్పుడు మూడో దారి బాగా నడుస్తోంది: ఆన్‌లైన్ సమీక్షలను, ఫొటోలను పోగుచేసి విశ్లేషించడం. 2013లో స్టెప్‌చెంకోవా, జాన్ కలిసి పెరూ పర్యాటక సంస్థ పెట్టిన ఫొటోలను, ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైట్‌లో సందర్శకులు పెట్టినవాటిని పోల్చారు, చక్కని పని. అయితే అక్కడ దొరికేది చాలావరకు వెళ్లివచ్చినవారి మాటే. ఫకీ, క్రాంప్టన్ 1991లో చూపినట్టు, వెళ్లాలనుకునేవారి ఇమేజ్, మొదటిసారి వెళ్లినవారి ఇమేజ్, మళ్లీ మళ్లీ వెళ్లేవారి ఇమేజ్ ఒకటి కావు. కొత్త మార్కెట్‌లోకి అడుగుపెట్టే దేశానికి కావలసింది ఇంకా రానివారి మనసు. దానికిది చాలదు.

ఇక ఏది మేలు? రెండు మూడు దేశాల పర్యాటకులకు ఎలాంటి సందేశం పంపాలన్నదే మీ పరిశోధన ప్రశ్న అయితే స్వేచ్ఛా ప్రశ్నలతోనే మొదలుపెట్టండి. దేశానికి పాతిక ముప్పై మందితో వారి భాషలోనే మాట్లాడండి, కొత్త మాట రావడం ఆగేదాకా కొనసాగించండి. అన్ని దేశాల్లోనూ వినిపించినవి ప్రచారంలో ఉమ్మడి భాగానికి, ఒక్కచోటే వినిపించినవి ఆ దేశపు ప్రత్యేక భాగానికి. ఆస్ట్రేలియా 2025 ప్రచారం పైకి సరిగ్గా ఈ ఆకారంలోనే ఉంది: కంగారూ అందరిదీ, ముఖం ఎవరిది వారిదే. ఆ తర్వాత ఆ జవాబుల నుంచే స్కేలు కట్టండి, వేరే ఖండంలో కట్టినదాన్ని అరువు తెచ్చుకోకండి.

నేరుగా స్కేలుతో మొదలుపెట్టదగిన సందర్భం ఒకటుంది. దేశపు ఇమేజ్ ఆ దేశపు సరుకుల అమ్మకాన్ని ప్రభావితం చేస్తుందా అని అడిగేవారికి అది తప్పదు. 1965లో రాబర్ట్ స్కూలర్ గ్వాటెమాలాలో విద్యార్థులకు సరుకు చూపించి, తయారైన దేశం పేరు మాత్రం మార్చి ధోరణి కొలిచారు. తయారీ దేశం పేరు ప్రభావంపై పరిశోధన అక్కడే మొదలైంది. అలాంటి కారణ సంబంధాలకు అంకెలే కావాలి. ఏటేటా ఒకే మార్కెట్‌లో మార్పును గమనించే పర్యాటక శాఖలకూ అంతే. వారికి నా మనవి ఒక్కటే: ప్రచారం మారినప్పుడల్లా ప్రశ్నావళిని మార్చకండి. పాత వరుసలను అలాగే ఉంచి, చివర ఒక్క ఖాళీ పెట్టె చేర్చండి, అందులో ఏం రాశారో చదవడానికి మనిషిని నియమించండి.