యూవీ: వేగం సరే, అసలు సరుకు లాక్ ఫైలు

అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుని మాదాపూర్‌లో చేరినవాళ్లకి చేతికి అలవాటైన మంత్రం 'పిప్ ఫ్రీజ్': ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలన్నిటినీ వెర్షన్లతో రాసిచ్చే కమాండ్. అది తీసిచ్చే ఫైల్లో మనం అడిగిన ప్యాకేజీ ఏదో, దాని వెంట తోకలా వచ్చింది ఏదో తేలదు. ఆస్ట్రల్ సంస్థ 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన యూవీ అనే పైథాన్ ప్యాకేజీ మేనేజర్ ఈ చిక్కు విప్పుతుంది. అడిగినవి పైప్రాజెక్ట్ డాట్ టామల్ (pyproject.toml) ఫైల్లో ఉంటాయి. ఖరారైన వెర్షన్లు, హ్యాష్‌లతో (ప్యాకేజీ మారలేదని తేల్చే వేలిముద్రలు) సహా, లాక్ ఫైలైన యూవీ డాట్ లాక్‌లో ఉంటాయి. రెండూ గిట్‌లోకి ఎక్కాల్సిందే.

ఉచితం, రస్ట్‌లో రాశారు, వేగం గురించి అందరూ చెప్పేది నిజమే.

గిట్‌హబ్ యాక్షన్స్‌లో (కోడ్ పుష్ చేస్తే టెస్టులు వాటంతటవే నడిపే సర్వీసు) సెటప్-యూవీ అనే స్టెప్ పెట్టి, 'యూవీ సింక్ --లాక్డ్', ఆపైన 'యూవీ రన్ పైటెస్ట్' చాలు. ఆ 'లాక్డ్' మాత్రం మర్చిపోవద్దు. ఎవరైనా టామల్ మార్చి లాక్ మార్చకుండా పుష్ చేస్తే, అది లేని బిల్డ్ రన్నర్ (జాబ్ నడిచే మెషిన్) మీదే గప్‌చుప్‌గా కొత్త లాక్ కట్టుకుని పాసైపోతుంది. అది ఉంటే అక్కడే ఆగిపోతుంది. 'ఫ్రోజెన్' వేరు: ఉన్న లాక్‌ని సరిచూడకుండా నమ్మేస్తుంది.

మ్యాట్రిక్స్‌లో, అంటే ఒకే టెస్టుని పలు పైథాన్ వెర్షన్ల మీద నడిపే జాబితాలో, రెండు గోతులున్నాయి. 3.10ని కోట్స్ లేకుండా రాస్తే యామల్ (ఆ సెట్టింగులు రాసే ఫార్మాట్) దాన్ని 3.1గా చదువుతుంది. రెండోది ఇంకా మోసం: రెపోలో డాట్ పైథాన్-వెర్షన్ ఫైలు (ఏ పైథాన్ వాడాలో చెప్పేది) ఉంటే, మ్యాట్రిక్స్‌లో మూడు వెర్షన్లు రాసినా మూడు జాబ్‌లూ ఆ ఒక్క పైథాన్‌తోనే నడవొచ్చు. అన్నీ పచ్చగా కనిపిస్తాయి, పరీక్షించింది ఒక్కటే! ప్రతి జాబ్‌లో యూవీ_పైథాన్ వేరియబుల్ సెట్ చేయాలి.

లోటుపాట్లూ ఉన్నాయి. పిప్ సెట్టింగుల ఫైలు పిప్ డాట్ కాన్ఫ్‌ని యూవీ చదవదు, కాబట్టి ఆఫీసు ఇండెక్స్ (సొంత ప్యాకేజీలుండే సర్వర్) చిరునామా టామల్‌లో మళ్లీ రాయాలి. ఒక ప్యాకేజీ పేరు ఏ ఇండెక్స్‌లో ముందు దొరికితే అక్కడితో ఆగుతుంది. పిప్ అలవాటున్నవాళ్లకి ఇది చిరాకే గానీ, బయటివాళ్లు అదే పేరుతో దొంగ ప్యాకేజీ పెట్టినా లోపలికి రాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కోడ్‌ని బైట్‌కోడ్‌గా (పైథాన్ నడిపే రూపం) ముందే కంపైల్ చేయదు, కంటైనర్‌లో మొదటి ఇంపోర్ట్ నెమ్మదిస్తే 'కంపైల్-బైట్‌కోడ్' జోడించాలి. లైనక్స్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి వాడే సైకోపీజీ2కి పీజీ_కాన్ఫిగ్ లేదంటూ బిల్డ్ పడిపోవడం ఇక్కడా తప్పదు. లిబ్‌పీక్యూ-డెవ్ వేసుకోవాల్సిందే.

కొత్త రిలీజులు ఏం విరగ్గొడతాయో తెలియాలంటే రాత్రిపూట 'యూవీ సింక్ --అప్‌గ్రేడ్'తో వేరే జాబ్ పెట్టుకోవచ్చు. క్రాన్ (జాబ్ ఎప్పుడు నడవాలో చెప్పే షెడ్యూల్) డిఫాల్ట్‌గా యూటీసీ లెక్క. మన రాత్రి 2 గంటలకి నడవాలంటే అక్కడ రాయాల్సింది 20:30.